ఇంటర్నేషనల్ స్కూలులో హైస్కూలు ఇంగ్లీషు టీచరుగా చేరి నిలదొక్కుకోవడం ఎలా: అనంతపురం, కడప, కర్నూలు అభ్యర్థులకు

బీఎడ్ ముగించి, డీఎస్సీ ప్రకటన కోసం ఎదురుచూస్తూ, అనంతపురంలోనో కడపలోనో కర్నూలులోనో ఒక ప్రైవేటు హైస్కూలులో తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నవారిలో చాలామంది ఏదో ఒక దశలో బెంగళూరు, హైదరాబాదు నగరాల ఇంటర్నేషనల్ స్కూళ్ల వైపు చూస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకు హైదరాబాదు ఇంచుమించు సమాన దూరమే. రెండూ రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. మనవాళ్లను ఆపేది ఆ దూరం కంటే ఎక్కువగా ఉచ్చారణ గురించిన జంకు. తెలుగు మీడియంలో చదివిన మనం అక్కడి పిల్లల ముందు నోరు తెరవగలమా అన్న సందేహంతో దరఖాస్తు దగ్గరే ఆగిపోయినవారిని నేను చాలామందిని చూశాను. ఈ ఉద్యోగంలో టీచరు మాట్లాడే సమయం కంటే విద్యార్థి రాసిన కాగితాన్ని చదివి, దాని మీద పనికొచ్చే మాట రాసే సమయం ఎక్కువ. ఆ పని నేర్చుకోవడానికి మహానగరంలో పుట్టి ఉండనక్కర్లేదు. కింద చెప్పిన పనులను వరుసగా చేసుకుంటూ వెళ్లండి.

ముందుగా బోర్డు ఏదో తేల్చుకోండి

స్కూలు పేరు పలక మీద ఇంటర్నేషనల్ అని ఉన్నంత మాత్రాన అక్కడ అంతర్జాతీయ పాఠ్యక్రమం ఉన్నట్టు కాదు. మన జిల్లా కేంద్రాల్లోనే ఆ పేరు పెట్టుకుని సీబీఎస్ఈనో, రాష్ట్ర సిలబస్‌నో బోధించే స్కూళ్లు ఉన్నాయి. వాటిలో తప్పేమీ లేదు. అయితే అక్కడి పని మీరు ఇప్పుడు చేస్తున్న పనికి భిన్నంగా ఉండదు. అందువల్ల దరఖాస్తుకు ముందే, అంతర్జాతీయ పాఠ్యక్రమాలను నడిపే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) సంస్థ వెబ్‌సైటులోను, కేంబ్రిడ్జి ఇంటర్నేషనల్ వెబ్‌సైటులోను ఉండే స్కూళ్ల జాబితాలో ఆ స్కూలు పేరు వెతకండి. ఐబీ విషయంలో గుర్తింపు పొందిన స్కూలు వేరు, గుర్తింపు కోసం దరఖాస్తు చేసి క్యాండిడేట్ దశలో ఉన్న స్కూలు వేరు. క్యాండిడేట్ స్కూలులో చేరడం పొరపాటేమీ కాదు, కానీ అక్కడ పాఠ్య ప్రణాళికలన్నీ మొదటినుంచి మీరే తయారు చేయాల్సి వస్తుందని తెలిసి చేరండి.

1968లో జెనీవాలో మొదలైన ఐబీలో హైస్కూలు టీచరుకు సంబంధించినవి రెండు దశలు. పదకొండు నుంచి పదహారేళ్ల వయసు పిల్లలకు మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్, ఆ తరువాతి రెండేళ్లు డిప్లొమా ప్రోగ్రామ్. కేంబ్రిడ్జి వైపు పదో తరగతికి సమానంగా ఐజీసీఎస్ఈ అనే పరీక్ష, తరువాత ఏఎస్, ఏ లెవెల్ పరీక్షలు ఉంటాయి. ఐజీసీఎస్ఈలోనే ఇంగ్లీషు ఒకటి కాదు: ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లీషు కోడ్ 0500, సెకండ్ లాంగ్వేజ్ ఇంగ్లీషు 0510 లేదా 0511, ఇంగ్లీషు సాహిత్యం 0475. ఇంటర్వ్యూలో ఈ కోడ్‌ల ప్రస్తావన వచ్చినప్పుడు తడబడకుండా ఉంటే చాలు, ఎదుటివారికి మీమీద సగం నమ్మకం కుదురుతుంది.

ఊళ్లోనే ఉండి చేయవలసిన సాధన

ఇప్పుడున్న ఉద్యోగం మానకుండా, సాయంత్రాలు, ఆదివారాలు వాడుకుంటూ ఒక మూడు నెలలు ఈ సాధన చేయండి. కేంబ్రిడ్జి వెబ్‌సైటు నుంచి 0500 సిలబస్, కొన్ని పాత ప్రశ్నపత్రాలు, వాటి మార్క్ స్కీములు, ఎగ్జామినర్ రిపోర్టులు ఉచితంగా దింపుకోవచ్చు. సిలబస్ మొదటి పేజీలోనే అది ఏయే సంవత్సరాల పరీక్షలకు వర్తిస్తుందో ఉంటుంది. మార్పులు వస్తూంటాయి కాబట్టి ఆ సంవత్సరాలు చూసుకున్నాకే చదవడం మొదలుపెట్టండి.

ఆ తరువాత చేయవలసింది చదవడం కాదు, రాయడం. గడియారం ముందు పెట్టుకుని, విద్యార్థికి ఇచ్చిన సమయంలోనే మీరు ఆ పేపరు రాయండి. మరుసటి రోజు మార్క్ స్కీము తీసి మీ జవాబును మీరే దిద్దండి. డీఎస్సీ బిట్లకు అలవాటు పడిన మనకు ఇక్కడ మొదటి ఇబ్బంది ఎదురవుతుంది: ఇందులో సరైన జవాబు అంటూ ఒకటి ఉండదు. రచనా ప్రశ్నలకు మార్కుల స్థాయిలు ఉంటాయి. ఒక్కో స్థాయికి ఒక వర్ణన ఉంటుంది. మీ జవాబు ఏ వర్ణనకు దగ్గరగా ఉందో మీరే నిర్ణయించి, ఎందుకో రెండు వాక్యాల్లో రాసుకోవాలి. ఎగ్జామినర్ రిపోర్టును చివరకు అట్టిపెట్టుకోండి. మంచి జవాబులు ఏం చేశాయో, బలహీనమైన జవాబులు ఎక్కడ జారిపోయాయో అందులో ప్రశ్నల వారీగా ఉంటుంది. బజారులో దొరికే ఏ గైడూ దానికి సాటి రాదు.

ఒంటరిగా కంటే ఇంకొకరితో కలిసి ఈ పని చేస్తే ఫలితం ఎక్కువ. మీ బీఎడ్ బ్యాచిలోనో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో మీతో ఎంఏ చదివిన స్నేహితుడితో జవాబులు మార్చుకుని, ఒకరి మార్కులు ఒకరికి చెప్పకుండా దిద్ది, తరువాత పోల్చి చూడండి. తేడా వచ్చిన చోట జరిగే వాదనే అసలైన శిక్షణ. స్కూలులో చేరాక సహోద్యోగులతో కూర్చుని మీరు చేసేదీ ఇదే పని.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. బ్రిటిషు యాసనో అమెరికా యాసనో అరువు తెచ్చుకోవద్దు. అది రెండో నిమిషంలోనే బయటపడుతుంది. స్పష్టత ఉంటే చాలు. రోజూ ఒక పేజీ పైకి చదివి ఫోనులో రికార్డు చేసుకుని, వాక్యం చివర గొంతు మింగేస్తున్నారా, జె, జెడ్ ధ్వనులు ఒకటిగా పలుకుతున్నారా, వి, డబ్ల్యూ కలిసిపోతున్నాయా అని మాత్రం గమనించండి.

అదనపు అర్హతల విషయానికి వస్తే, బీఎడ్ మీద హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం దూరవిద్యలో అందించే ఇంగ్లీషు బోధన కోర్సుకు ఇక్కడి స్కూళ్లలో విలువ ఉంది. సెల్టా అనేది కనీసం 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు పర్యవేక్షణలో పాఠం చెప్పాలి. అయితే అది ఇంగ్లీషును కొత్తగా నేర్చుకునే పెద్దలకు బోధించడానికి ఉద్దేశించినది. హైస్కూలు ఉద్యోగం కోసమే అయితే అంత ఖర్చు మొదటే పెట్టవద్దని నా సలహా. ఐబీ వర్క్‌షాపుల సంగతి, చేరిన తరువాత స్కూలే పంపుతుందేమో కనుక్కోండి.

తెలుగు సాహిత్యం చదివి ఉండటాన్ని లోటుగా భావించకండి. ఐబీ డిప్లొమాలోని ఇంగ్లీషు ఎ భాషాసాహిత్య కోర్సులో స్టాండర్డ్ లెవెల్ విద్యార్థులు 4 రచనలు, హయ్యర్ లెవెల్ విద్యార్థులు 6 రచనలు చదవాలి. వాటిలో అనువాద రచనలు తప్పనిసరిగా ఉండాలి; పైగా టీచరు స్వేచ్ఛగా ఎంచుకునే రచనలకూ చోటు ఉంటుంది. ఇంగ్లీషులోకి వచ్చిన తెలుగు కథలను, పద్యాలను మూలంతో పోల్చి చూపగల టీచరు స్టాఫ్‌రూములో ఎంతమంది ఉంటారు? కడపవారికి సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఊళ్లోనే ఉంది. ఒక సెలవు రోజు అక్కడ గడిపి, మీరు పాఠంగా చెప్పగల రెండు మూడు అనువాదాలను గుర్తించి పెట్టుకోండి.

దరఖాస్తు, డెమో క్లాసు

నియామకాలు చాలాచోట్ల జనవరి నుంచే మొదలై వేసవిలోపు ముగుస్తాయి. మే నెలలో ఖాళీ అయ్యాక చూద్దామనుకుంటే మిగిలినవే దొరుకుతాయి. బయోడేటాలో మనవాళ్లు మొదట రాసేది పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు అని. అది తీసేయనక్కర్లేదు గానీ చివరకు నెట్టండి. దాని స్థానంలో మీరు రూపొందించిన ఒక యూనిట్ ప్లాను (కొన్ని వారాల పాఠాల ప్రణాళిక), విద్యార్థి పేరు చెరిపేసి మీరు దిద్దిన రెండు జవాబు పత్రాలు జతచేయండి. దిద్దిన కాగితం చూస్తే టీచరు ఆలోచన ఎలా నడుస్తుందో ఆ ప్రోగ్రామును స్కూలులో చూసుకునే కో-ఆర్డినేటరుకు అర్థమవుతుంది.

డెమో క్లాసుకు పద్యాన్ని ఎంచుకుని వివరణ చెప్పుకుంటూ పోవడం మనకు సులభం, అందుకే అది ప్రమాదకరం. చెప్పడం మొదలుపెడితే మనం ఆగము. దాని బదులు మన బస్టాండు ఎదురుగా ఏటా వేసవిలో వెలిసే జూనియర్ కాలేజీ ర్యాంకుల ఫ్లెక్సీని పాఠంగా తీసుకోండి. ఐబీ ఇంగ్లీషులో ప్రకటనలు, ప్రసంగాలు, కార్టూన్లు కూడా సాహిత్యేతర పాఠ్యాలుగా చదవవలసినవే కాబట్టి ఇది సిలబస్‌లో అచ్చంగా ఇమిడిపోతుంది. ఫోటో తీసి, పిల్లల ముఖాలు, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు గుర్తుపట్టడానికి వీల్లేకుండా చెరిపి, మిగతా అమరికను అలాగే ఉంచి ప్రింటు తీయించండి.

క్లాసులో ఆ కాగితం పంచి, రెండు నిమిషాలు ఎవరినీ మాట్లాడనివ్వకుండా చూడమనండి. తరువాత ప్రశ్నలు వేయండి. అన్నింటికంటే పెద్ద ఫోటో ఎవరిది, దాని కిందికి వచ్చేకొద్దీ ఫోటోలు ఎందుకు చిన్నవవుతున్నాయి? పిల్లల పేర్ల కంటే ర్యాంకు అంకెలు ఎన్ని రెట్లు పెద్దగా ఉన్నాయి? చేతులు జోడించి నిలబడిన కరస్పాండెంటు చిత్రం ఏ మూలన ఉంది, ఆయన ఎవరికి నమస్కరిస్తున్నారు? ఏ మాటలు ఇంగ్లీషులో, ఏ మాటలు తెలుగులో ఉన్నాయి, ఆ విభజన ఎవరిని ఉద్దేశించినది? చివరి ప్రశ్న ముఖ్యమైనది: ఈ ఫ్లెక్సీలో లేని సమాచారం ఏది? మొత్తం ఎంతమంది పరీక్ష రాశారన్న సంఖ్య అందులో లేదని ఎవరో ఒక విద్యార్థి పట్టుకుంటాడు. పట్టుకునేదాకా మీరు చెప్పవద్దు. ఆ మౌనం భరించడం కష్టమే గానీ వెనుక కూర్చున్న పరిశీలకులు సరిగ్గా దాన్నే చూస్తున్నారు.

చివరి పది నిమిషాలు ప్రతి విద్యార్థీ ఒక పేరా రాయాలి. మీరు బల్లల మధ్య తిరుగుతూ ఇద్దరు ముగ్గురి పేరాలు చదివి, ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న వేయండి. గంట మోగేసరికి మీరు మాట్లాడిన సమయం మొత్తం పీరియడులో మూడో వంతుకు మించకుండా చూసుకోండి.

కాగితాల మీద సంతకం పెట్టే ముందు

ఆఫర్ లెటరులో మీ పేరు, హోదా, బోధించే తరగతులు, నెలకు చేతికి వచ్చే జీతం, పీఎఫ్ కోత, నోటీసు పీరియడ్ రాతపూర్వకంగా ఉండాలి. ఏడాది మొత్తం ప్యాకేజీ అంకె చూసి మురిసిపోకుండా, అందులో వసతి, భోజనం విలువ కలిపారో లేదో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించి అప్పుడే వెనక్కు తీసుకోండి, ఎవరి దగ్గరా వదలవద్దు. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండు ఉంటే ఆ షరతును ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదివాకే సంతకం చేయండి. వారానికి ఎన్ని పీరియడ్లు, హాస్టలు డ్యూటీ ఉంటుందా, దిద్దడానికి స్కూలు వేళల్లో సమయం ఇస్తారా అన్నవి కూడా ముందే అడగవలసిన ప్రశ్నలు. అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం అనవసరం.

మొదటి టర్ము

చేరగానే ఎదురయ్యే పని యూనిట్ ప్లాను. మనకు అలవాటైన పద్ధతిలో ముందు పాఠం, తరువాత పరీక్ష. ఇక్కడ ముందు పరీక్షను నిర్ణయించి అక్కడినుంచి వెనక్కు రావాలి. ఆరు వారాల తరువాత విద్యార్థి ఏం రాయగలగాలి, దాన్ని ఏ ప్రమాణంతో దిద్దుతారు అన్నది మొదట రాసుకోండి. ఐబీ మిడిల్ ఇయర్స్ భాషాసాహిత్యంలో నాలుగు ప్రమాణాలున్నాయి: విశ్లేషణ, కూర్పు, రచన, భాషా వినియోగం. ఒక్కోదానికి గరిష్ఠం 8. ఒకే యూనిట్‌లో నాలుగింటినీ పరీక్షించాలన్న ఉత్సాహాన్ని అణచుకుని, రెండింటితో మొదలుపెడితే పిల్లలకూ మీకూ ఊపిరి ఆడుతుంది.

నోట్సు చెప్పి రాయించే అలవాటు మొదటి రోజు నుంచే మానాలి. పిల్లలు, ముఖ్యంగా పరీక్షలు దగ్గరపడినప్పుడు, నోట్సు ఇవ్వమని వాళ్లే అడుగుతారు. ఇచ్చారంటే పాతికమంది జవాబుల్లోనూ మీ వాక్యాలే తిరిగి చదువుకోవాలి. బదులుగా క్లాసులో వాళ్లు చెప్పిన మంచి మాటలను బోర్డు మీద వాళ్ల పేరుతోనే రాసి, ఫోటో తీసుకోమనండి.

దిద్దడం

ఈ ఉద్యోగంలో ఎక్కువ సమయం పట్టేదీ, పాత అలవాట్లు ఎక్కువగా అడ్డువచ్చేదీ ఇక్కడే. మన స్కూళ్లలో ఎర్ర ఇంకుతో ప్రతి తప్పు చుట్టూ సున్న చుట్టి, చివర మార్కు వేసి, పొట్టి సంతకం పెడతాం. విద్యార్థి మార్కు చూసి పుస్తకం మూసేస్తాడు. ఒక ఉదాహరణ తీసుకుందాం. పైన చెప్పిన ఫ్లెక్సీ మీద తొమ్మిదో తరగతి విద్యార్థి ఇలా రాశాడనుకోండి: ఈ ప్రకటనలో ఎరుపు రంగు వాడారు. ఎరుపు రంగు అందరినీ ఆకర్షిస్తుంది. అందువల్ల ఇది చాలా ప్రభావవంతమైన ప్రకటన.

భాషలో తప్పుల్లేవు. కానీ ఈ మూడు వాక్యాలను ఏ సబ్బు ప్రకటన కిందనైనా అతికించవచ్చు. దీని పక్కన ఇంకా లోతుగా విశ్లేషించు అని రాస్తే విద్యార్థికి ఏమీ తెలియదు. లోతు అంటే ఏమిటో తెలిసి ఉంటే ముందే రాసేవాడు. ఇలా రాసి చూడండి: ఎరుపు అంకెల మీదే ఉంది, పిల్లల పేర్లు నల్లగా ఉన్నాయి. రోడ్డు మీద వెళ్లేవారికి ఏది గుర్తుంటుంది, ఏది గుర్తుండదు? అలా జరగాలని ఎవరు కోరుకుంటారు? రెండు వాక్యాలు కలిపి మళ్లీ రాయి. ఈ వ్యాఖ్యలో పొగడ్త లేదు, తిట్టు లేదు. చూడవలసిన చోటు, చేయవలసిన పని ఉన్నాయి. ఆ విద్యార్థి రెండోసారి రాసినప్పుడు, ప్రకటన పిల్లలను పేర్లుగా గాక అంకెలుగా గుర్తుంచుకోమంటోందన్న ఊహ దగ్గరికి తానే చేరుకుంటాడు.

కాబట్టి ప్రతి కాగితం మీద విషయానికి సంబంధించి ఒక వ్యాఖ్య, భాషకు సంబంధించి ఒక వ్యాఖ్య మాత్రమే రాయండి. భాషా వ్యాఖ్యలో ఒక్క తప్పునే పట్టుకోండి, అది పదే పదే వచ్చేదై ఉండాలి. మన పిల్లల్లో ఆర్టికల్స్, కాలాల కలగలుపు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక పేరాలో మాత్రమే వాటిని గుర్తించి, మిగతా పేరాల్లో విద్యార్థినే వెతకమనండి. మార్కు వెంటనే చెప్పవద్దు. తిరగరాసిన ప్రతి చేతికి వచ్చాకే మార్కు బయటపెడితే మీ వ్యాఖ్యను కనీసం ఒకసారి చదువుతారు. తిరగరాయడానికి క్లాసులోనే సమయం కేటాయించండి, ఇంటికి పంపితే అది జరగదు.

కాగితాల గుట్టను ఆదివారానికి వాయిదా వేయకండి. రెండు సెక్షన్లకు ఒకే వారంలో పెద్ద వ్యాసం ఇవ్వకుండా, గడువులను వారం తేడాతో పెట్టుకుని, రోజుకు ఎనిమిది కాగితాల చొప్పున దిద్దితే నిద్ర దక్కుతుంది. మొదటి మూడు కాగితాలను మార్కు వేయకుండా సహోద్యోగికి ఇచ్చి, ఇద్దరూ విడివిడిగా దిద్ది పోల్చుకున్నాకే మిగతావి మొదలుపెట్టండి.

దిద్దడంలో మీరు దాటకూడని గీతలు కూడా ఉన్నాయి. డిప్లొమా హయ్యర్ లెవెల్ విద్యార్థులు రాసే 1200 నుంచి 1500 పదాల వ్యాసానికి టీచరు ఒక్క డ్రాఫ్టు మీదే సలహా ఇవ్వాలి. వాక్యాలు సరిదిద్ది ఇవ్వకూడదు. తల్లిదండ్రులు ఎంత బతిమాలినా రెండో డ్రాఫ్టు మీద కలం పెట్టవద్దు. చాట్‌జీపీటీ వంటి వాటి విషయంలో ఐబీ 2023లోనే తన వైఖరి చెప్పింది: వాటిని నిషేధించదు, కానీ వాటినుంచి తీసుకున్నదాన్ని మూలం చెప్పకుండా సొంత రచనగా చూపిస్తే అది అక్రమమే. ఏఐని పట్టిస్తామనే సాఫ్ట్‌వేర్లను నమ్మి పిల్లల మీద నింద వేయడం కంటే, మొదటి డ్రాఫ్టును క్లాసులో చేతిరాతతో రాయించి దగ్గర ఉంచుకోవడం, గూగుల్ డాక్స్‌లో రచన దశలవారీగా ఎలా పెరిగిందో చూడటం, అనుమానం వస్తే విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని ఫలానా వాక్యం ఎందుకు అలా రాశావని అడగడం మేలు.

ఇండివిజ్యువల్ ఓరల్ నిర్వహించడం

ఇండివిజ్యువల్ ఓరల్ అంటే ఒక్కో విద్యార్థికి విడిగా జరిపే మౌఖిక పరీక్ష. ఐబీ డిప్లొమా టీచరుకు ఇది అతిపెద్ద బాధ్యత, ఎందుకంటే దీన్ని పరీక్షించి మార్కులు వేసేది మీరే. మొత్తం 15 నిమిషాలు. ఒక సాహిత్య రచన నుంచి, ఒక సాహిత్యేతర రచనల సముదాయం నుంచి, ఒక్కోటి 40 పంక్తులకు మించని రెండు భాగాలను విద్యార్థి ఎంచుకుంటాడు. ఏదైనా ఒక ప్రపంచ సమస్య ఆ రెండింటిలో ఎలా వ్యక్తమైందో 10 నిమిషాలు మాట్లాడతాడు. తరువాతి 5 నిమిషాలు మీ ప్రశ్నలు. విద్యార్థి చేతిలో ఆ రెండు భాగాల శుభ్రమైన ప్రతులు, పది అంశాలకు మించని ఒక చిన్న పట్టిక తప్ప ఏమీ ఉండకూడదు. మొత్తం 40 మార్కులు. చివరి గ్రేడులో స్టాండర్డ్ లెవెల్‌కు దీని వాటా 30 శాతం, హయ్యర్ లెవెల్‌కు 20 శాతం.

కష్టమంతా సమస్యను ఎంచుకోవడంలో ఉంది. అది పెద్ద ఎత్తున ప్రాముఖ్యం ఉన్నదై, దేశాల సరిహద్దులు దాటేదై, స్థానిక జీవితంలో రోజూ అనుభవానికి వచ్చేదై ఉండాలి. పిల్లలు మొదట నీటి కొరత అనో, లింగ వివక్ష అనో చెబుతారు. అవి సమస్యలు కావు, విషయాలు. అంత విశాలంగా వదిలేస్తే పది నిమిషాలూ సాధారణ వ్యాఖ్యలతో గడిచిపోతాయి. బోర్లు ఎండిన ఊళ్లలో నీళ్ల కోసం నడిచే శ్రమ ఆడవాళ్ల మీదే పడటాన్ని సమాజం మామూలు విషయంగా ఎలా చూపిస్తుంది అన్నంత ఇరుకుగా తేవాలి. ఈ ఇరుకు చేయడంలో అనంతపురం టీచరుకు ఉన్న అనుకూలత చిన్నది కాదు. వలస, కరువు, అప్పు, ఫ్యాక్షన్ జ్ఞాపకాలు మనకు వార్తల్లో చదివినవి కావు. అయితే మీ అనుభవాన్ని విద్యార్థి నోట్లో పెట్టవద్దు. వాళ్ల అపార్టుమెంటుకు వచ్చే ట్యాంకర్ల దగ్గర మొదలుపెట్టమనండి.

రికార్డింగు రోజున పాఠశాల గంట మోగని గది చూసుకోండి. ఫ్యాను చప్పుడు రికార్డింగులో ఎంత వినిపిస్తుందో ముందు రోజే పరీక్షించండి. మీ ప్రశ్నలు విద్యార్థి తొందరలో వదిలేసిన చోటును తెరిచేవిగా ఉండాలి: ఈ రెండో భాగంలో మాట్లాడేవారు ఎవరు, ఆ గొంతు మారితే అర్థం మారుతుందా వంటివి. జవాబును ప్రశ్నలోనే అందించకండి. మీరు వేసిన మార్కుల్లోంచి నమూనాలు ఐబీకి వెళతాయి. ఉదారంగా వేశారని అక్కడ తేలితే ఆ నమూనా పిల్లలకే గాక మొత్తం బృందానికి మార్కులు సవరిస్తారు. ప్రేమతో వేసిన రెండు మార్కులు అందరికీ నష్టం తెచ్చిపెట్టగలవు.

తల్లిదండ్రులు, లేఖలు, పిల్లల భద్రత

తల్లిదండ్రుల సమావేశానికి మార్కుల రిజిస్టరుతో గాక విద్యార్థి రాసిన మొదటి ప్రతి, తిరగరాసిన ప్రతితో వెళ్లండి. మా అబ్బాయికి 7కు 5 గ్రేడే ఎందుకు వచ్చిందని అడిగే తండ్రికి రెండు కాగితాలూ పక్కపక్కన చూపిస్తే మాట పెరగదు.

పన్నెండో తరగతి పిల్లలకు విదేశీ విశ్వవిద్యాలయాల సిఫారసు లేఖలు రాసే పని తరచుగా ఇంగ్లీషు టీచరు మీదే పడుతుంది. అవి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒక్కసారిగా మీద పడతాయి. పదకొండో తరగతి నుంచే ఒక్కో విద్యార్థి గురించి నెలకు ఒక వాక్యం, ఫలానా రోజు ఫలానా ప్రశ్న వేశాడు అన్న తరహాలో రాసి పెట్టుకోండి. కష్టపడి చదువుతాడు అనే లేఖ ఎవరికీ ఉపయోగపడదు.

విద్యార్థులతో సొంత ఫోను నంబరు ద్వారా వాట్సాప్ సంభాషణలు పెట్టుకోకండి. స్కూలు ఇచ్చిన ఈమెయిలునే వాడండి. ఒక్కరితో మాట్లాడవలసి వస్తే తలుపు తెరిచిన గదిలోనో, లైబ్రరీలోనో మాట్లాడండి. పిల్లలు రాసే స్వీయకథనాల్లో ఒక్కోసారి వేధింపుల సంగతి బయటపడుతుంది. అప్పుడు ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం విధి. స్కూలు నియమించిన బాలల రక్షణాధికారికి అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి.

ఏడాది పొడవునా

ఐబీ డిప్లొమా పరీక్షలు ఏప్రిల్ చివరలో మొదలై మే నెలలో సాగుతాయి. సరిగ్గా మన ఊళ్లలో పెళ్లిళ్లు జరిగే కాలం. కేంబ్రిడ్జి పరీక్షలు భారతదేశంలో మార్చిలో కూడా ఉంటాయి కాబట్టి కొన్నేళ్లు ఉగాదికి ముందు వారమంతా చివరి నిమిషపు సందేహాలతోనే గడుస్తుంది. ఇంటివాళ్లకు ఈ క్యాలెండరు సంగతి చేరిన మొదటి ఏడాదే చెప్పిపెట్టండి. స్కూలుకు సెలవులిచ్చేశారు కదా, మేనమామ కూతురి పెళ్లికి రావడానికేమి అని అడిగినప్పుడు జవాబు చెప్పడం తేలికవుతుంది.

మే సెషన్ ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి. మొత్తం గ్రేడు చూసి వదిలేయకుండా, ప్రతి పేపరులో విడివిడిగా వచ్చిన మార్కులను కో-ఆర్డినేటరు దగ్గర అడిగి తీసుకోండి. మీరు అంచనా వేసిన గ్రేడుకు, వచ్చిన గ్రేడుకు తేడా ఉన్న విద్యార్థుల పేర్లు పక్కన రాసుకుని, ఆ తేడా మొదటి పేపరులో వచ్చిందో, రెండో పేపరులో వచ్చిందో, మీరే దిద్దిన ఓరల్‌లో వచ్చిందో చూడండి. ఓరల్ మార్కులను ఐబీ తగ్గించి ఉంటే, వాటి మీద వచ్చిన మోడరేషన్ నివేదికను కొత్త బ్యాచి పుస్తకాల జాబితా ఖరారు చేయడానికి ముందే చదివి, ఆ జాబితాలో ఏ రచనను మార్చాలో జూలై నెలాఖరులోపు నిర్ణయించుకోండి.